వరద చెట్టు దిమ్మ

కొండవాగు పొంగి వంతెనను, దాని మీద కట్టేసి ఉన్న గాడిదతో సహా, సముద్రం వైపు ఎత్తుకుపోయిన ఏటికి మరుసటి ఏడు అది. పాల్మితా పల్లెలో ఎవరిని ఏ సంగతి అడిగినా వరదకి ముందా, వెనకా అని చూసుకుని చెప్పే రోజులు.

ఎర్మీనియో పచాయ్ టోపీ దిమ్మలు చెక్కేవాడు. మోంతెక్రిస్తి చుట్టుపక్కల పోచటోపీ అల్లేవాళ్లు ఎవరైనా సరే, ముక్కాలి పీట మీద దిమ్మ నిలబెట్టి, దాని మీద టోపీ బోర్లించి, రొమ్ము ఆనించి వంగి అల్లాల్సిందే. దిమ్మ గుండ్రంగా లేకపోతే టోపీ గుండ్రంగా రాదు. దిమ్మ నెర్ర విచ్చితే ఆ నెర్రలోకి పోచ జారి టోపీ మీద గీత పడుతుంది. సన్నపోచ టోపీ మీద పడ్డ గీతను ఏ ఇస్త్రీపెట్టే తీయలేదు.

దిమ్మ ఇచ్చేటప్పుడు ఎర్మీనియో ఒక్కటే మాట చెప్పేవాడు. "నా దిమ్మ నోరు తెరవదు." దిమ్మే కాదు, ఆయనా అంతేనని ఊళ్లో నవ్వుకునేవాళ్లు.

ఒక రోజు మధ్యాహ్నం ఆయన టోపీలు అల్లే దోమితీలా ఇంటికి వెళ్లింది దిమ్మ కోసం కాదు, పీట కాలు ఊగుతోందని కబురు చేస్తే. ఎండ ఎక్కితే పోచ పెళుసెక్కుతుంది కాబట్టి అల్లేవాళ్లు తెల్లవారుజామునా, పొద్దువాలాకా తప్ప కూర్చోరు. దోమితీలా వంటింట్లో అరటికాయలు కాలుస్తోంది. దిమ్మ మీద సగం అల్లిన టోపీ, దాని మీద తడిగుడ్డ. ఎర్మీనియో దిమ్మను దించి పక్కన పెట్టి, పీటను వంచి కాలికి చీల కొడుతుంటే చిన్న చప్పుడు వినపడింది. గింజ చిట్లినట్టు. టిక్.

చీల కాదు. సుత్తి అప్పటికి ఆగే ఉంది.

ఆయన దిమ్మ అడుగున బొటనవేలి గోరు పెట్టి మెల్లగా చుట్టూ తిప్పాడు. ఒకచోట గోరు ఆగింది. కంటికి కనపడదు. వెంట్రుకంత నెర్ర. అడుగున పుట్టి, అంచు దాటి, పక్కకి పాకింది. టోపీ అల్లిక దిగిన చోటుకీ దానికీ మధ్య అరచెయ్యి కన్నా తక్కువే ఉంది. ఆమె అల్లిక రోజురోజుకీ కిందికి దిగుతుంది. ఇది రోజురోజుకీ పైకి ఎక్కుతుంది.

దోమితీలా గుమ్మంలోకి వచ్చి చూసింది. "ఏంటి దోన్ ఎర్మీనియో, దిమ్మని చూలింత పొట్టలా తడుముతున్నారు?"

కాలు సరిపోయిందా లేదా చూస్తున్నానన్నాడు. సరిపోయిందన్నాడు. ఆమె ఆకులో పెట్టిన కాల్చిన అరటికాయ, వేరుశెనగ పొడి తిన్నాడు. ఆమె తన కళ్ల సంగతి చెప్పుకొచ్చింది. దీపం పెడితే పోచ రెండుగా కనపడుతోందట. ఇంత సన్నపు అల్లిక ఇదే ఆఖరు అనుకుంటోందట. పవిత్ర వారానికి ముందు మొదలుపెట్టింది. దీని తర్వాత ముతక టోపీలే, సంతలో మనుషులు వానకి పెట్టుకునేవి. "పోయేముందు ఒక్కటైనా నా చేతిదని చెప్పుకునేది ఉండాలి కదా," అంది. ఎర్మీనియో తలూపి లేచాడు.

దారి పొడుగునా ఆయన మనసులో ఒక్క పేరే తిరిగింది. సోస్తెనెస్ మేరో.

ఆ దిమ్మకి లారెల్ మొద్దు అమ్మింది సోస్తెనెస్. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే వాగులో గుడ్డల్లేకుండా ఈతలు కొట్టినవాళ్లు. ఎర్మీనియో కూతురికి జ్ఞానస్నానం చేయించినప్పుడు జ్ఞానతండ్రిగా పిల్లని ఎత్తుకుని నిలబడింది సోస్తెనెసే. ఆ నాటి నుంచి వాళ్లు ఒకరికొకరు కొంపాద్రె అయ్యారు. ఆ పిలుపు పడ్డాక నువ్వు అనుకోకూడదు, మీరు అనే అనాలి. ముప్పై ఏళ్లుగా అలాగే అనుకుంటున్నారు.

కలప నరికేది చంద్రుడు తరిగే రోజుల్లోనే. పెరిగే రోజుల్లో చెట్టు నిండా నీరు ఎక్కి ఉంటుంది. అప్పుడు నరికితే ఎంత ఆరబెట్టినా లోపల ఎక్కడో పచ్చి మిగిలి, ఒక రోజు నోరు తెరుస్తుంది. అందుకే కొనేవాడు మొద్దు మీద చెయ్యి వేసి, "ఏ చంద్రుడు?" అని అడగాలి. అమ్మేవాడు టోపీ తీసి జవాబు చెప్పాలి. టోపీ తీసి అబద్ధం ఆడినవాడి దగ్గర మళ్లీ ఎవరూ పుల్ల కూడా కొనరు. అడగకుండా కొన్నవాడి గోడు కూడా ఎవరూ వినరు.

ఎర్మీనియో ఏనాడూ అడగకుండా కొనలేదు. కాబట్టి దీనికీ అడిగే ఉంటాడు. కాబట్టి సోస్తెనెస్ టోపీ తీసి మరీ అబద్ధం ఆడాడు. దిమ్మలు చెక్కే కొట్టం చేరేసరికి ఈ లెక్క ఆయన బుర్రలో చీల కొట్టినట్టు దిగిపోయింది.

కొట్టంలో ఆ మొద్దు తాలూకు ముక్కలు ఇంకా ఉన్నాయి. ఒక్కొక్కటే తీసి వెలుతురులో తిప్పి చూశాడు. బెరడు సందులో బూడిదరంగు మట్టి. ఉలి మొనతో గీకి అరచేతిలో వేసుకుని వేలితో నలిపాడు. గరగరమంది. ఇసుక. సోస్తెనెస్ చెట్లు కొట్టే కొండమీద నేల ఎర్రగా, జిగటగా ఉంటుంది. ఈ మట్టి వాగుది.

అంటే నరికిన చెట్టే కాదు. వరద పెకలించిన చెట్టు. ఎవరూ గొడ్డలి వెయ్యని చెట్టుకి ఏ చంద్రుడని చెప్పాలి? నెలంతా కురిసింది, ఏ రాత్రి పడిందో దేవుడికి తెలియాలి.

ఆ రోజు నుంచి ఎర్మీనియోకి చూసినవన్నీ రుజువులే. సోస్తెనెస్ ఆదివారం ప్రార్థన అయ్యాక కాఫీకి రావడం మానేశాడు. వాగు దారిలో ఎదురుపడబోయి, ఏదో మరిచిపోయినట్టు వెనక్కి తిరిగాడు. అంగడి దగ్గర అందరినీ పలకరించి తనకి మాత్రం వేలు ఎత్తి చూపించి పోయాడు. అతని ఇంటి మీద కొత్త రేకులు పడ్డాయి. ఎక్కడివి రేకులు? వరద చెట్లు అమ్మిన సొమ్ము కాకపోతే?

ఒక పూట కొట్టంలోంచి వచ్చేసరికి వాకిట్లో కాళ్లు కట్టిన కోడి పడి ఉంది. భార్య ఎవుదోసియా దానికి నూకలు వేస్తోంది. ఎవరిచ్చారని అడిగితే సోస్తెనెస్ వచ్చి ఇచ్చి పోయాడంది.

"ఎందుకు?"

"నీ పుట్టినరోజని. నీకు గుర్తుండదు, ఆయనకి ఉంటుంది."

ఎర్మీనియో కోడి చుట్టూ తిరిగి చూశాడు. బలిసిన కోడి. లంచానికి బక్కకోడిని ఎవరిస్తారు?

"దాన్ని కొయ్యకు," అన్నాడు.

"ఎందుకు కొయ్యకూడదు? అదేమన్నా నీ మీద సాక్ష్యం చెబుతుందా?" అంది ఎవుదోసియా.

ఆవిడ కూడా సోస్తెనెస్ వైపే మాట్లాడుతోందని ఎర్మీనియోకి అప్పుడు తోచింది. ఆవిడకి సంగతి తెలిసే ఉంటుంది. ఊరందరికీ తెలిసే ఉంటుంది. తను అంగడిలోకి అడుగు పెడితే మాటలు ఆగిపోతున్నాయి. నిజానికి ఆయన అడుగు పెడితే మాటలు ఎప్పుడూ ఆగిపోయేవి, ఆయన ఎవరి మాటకీ మాట కలపడు కనక. ఇప్పుడు మాత్రం ఆ మౌనానికి వేరే అర్థం కనపడింది.

దోమితీలాకి చెప్పాలి. ఆ మాట పొద్దున లేవగానే గుర్తొచ్చేది, రాత్రి పడుకోబోతూ గుర్తొచ్చేది. కాని ఇప్పుడు చెబితే దిమ్మ తప్పు అవుతుంది. సోస్తెనెస్‌ని పట్టుకుని, నలుగురిలో నిలబెట్టి, ఆ తర్వాత చెబితే మొద్దు తప్పు అవుతుంది. ముందు దొంగ, తర్వాత దోమితీలా. అలా అనుకుని రోజులు తోశాడు.

ఒక ఉదయం తీగలు కోసుకొస్తానని ఎవుదోసియాకి చెప్పి కొండ ఎక్కాడు. సోస్తెనెస్ కలప కొట్టే చోటు ఆయనకి తెలుసు. తన కొట్టంలో మిగిలిన ముక్క చుట్టుకొలత దారానికి ముడివేసి తెచ్చుకున్నాడు. కనపడిన ప్రతి లారెల్ మోడు చుట్టూ ఆ దారం చుట్టి చూశాడు. ఒకటి చిన్నది. ఒకటి మరీ పెద్దది. ఒకటి దాదాపు సరిపోయింది. అక్కడ ఎర్మీనియో దారం విప్పేశాడు. సరిపోతే మొద్దు ఇక్కడ నరికిందే అవుతుంది, అప్పుడు ఏం చెయ్యాలి? మళ్లీ చుట్టాడు. సరిపోలేదు. ఊపిరి పీల్చుకుని కిందికి దిగాడు. స్నేహితుడు దొంగ అని తేలినందుకు ఊపిరి పీల్చుకోవడమేమిటని ఆయనకి అప్పుడు తట్టలేదు.

తీగలు తేవడం మరిచాడు. ఎవుదోసియా అడగలేదు. అడగకపోవడం కూడా ఆయన లెక్కలో రాసుకున్నాడు.

మర్నాడు దోమితీలా ఇంటికి వెళ్లాడు. పీట కాలు ఎలా ఉందో చూడాలన్నాడు. ఈసారి దిమ్మ అడుగు చుట్టూ ఎర్రగుడ్డ పీలిక బిగించి కట్టి ఉంది. ఆ గుడ్డ కిందే నెర్ర ఉంది. గుడ్డకి పైన, అల్లికకి కింద, రెండు వేళ్ల చోటు కూడా మిగల్లేదు.

"ఇదేంటి?" అన్నాడు.

"చీమలు ఎక్కుతున్నాయి. కిరసనాయిలులో ముంచి కట్టాను," అంది దోమితీలా.

గుడ్డ కిరసనాయిలు వాసనే కొడుతోంది. అయినా ఎర్మీనియో నమ్మలేదు. చీమలు పీట కాళ్ల మీంచి ఎక్కుతాయి, కాళ్లకి కట్టాలి. దిమ్మకి ఎందుకు కట్టింది? చూసింది. చూసి దాచింది. తను చెబుతాడా లేదా అని కాచుకుని కూర్చుంది. ఆమె మొహంలోకి చూశాడు. ఆమె ఆయన మొహంలోకి చూసింది.

"ఏమన్నా చెప్పాలా దోన్ ఎర్మీనియో?"

"లేదు."

"రెండుసార్లు వచ్చారు. కాలు బాగానే ఉంది."

"బాగానే ఉంది," అన్నాడు. బయటికి వచ్చాక తిరిగి చూస్తే ఆమె ఇంకా గుమ్మంలోనే నిలబడి ఉంది.

ఇంక ఆగలేదు. అటు నుంచి అటే వాగు మలుపు దగ్గరికి నడిచాడు. అక్కడ వరద విడిచిపెట్టిన చెట్లు ఇంకా పడి ఉన్నాయి, వేళ్లు ఆకాశం వైపు పెట్టుకుని. సోస్తెనెస్ ఒక దుంగ మీద కూర్చుని రంపానికి ఆకురాయి పడుతున్నాడు. ఎర్మీనియోని చూసి లేవలేదు. ఆకురాయి మాత్రం పక్కన పెట్టాడు.

"రండి కొంపాద్రె," అన్నాడు. "ఎప్పుడొస్తారా అని చూస్తున్నాను."

ఎర్మీనియో జేబులోంచి బెరడు ముక్క తీసి అతని ఒడిలో పడేశాడు. "ఇది ఎక్కడిది?"

సోస్తెనెస్ దాన్ని తీసుకుని చూడకుండానే, ఇక్కడిదేనన్నాడు. గడ్డంతో మలుపు చూపించాడు. వాగు తీసినాక వచ్చి చూస్తే లారెల్ మాను వేళ్లతో సహా అడ్డం పడి ఉందట. మంచి మాను. చేవ ఉన్న మాను. కొండకి దారి తెగిపోయి ఉంది, ఊళ్లో ఒక్క ఎండుకర్ర లేదు, ఎర్మీనియో కొట్టంలో ఆరబెట్టిన మొద్దులన్నీ సముద్రంలోకి పోయాయి. కోసి బండెక్కించి తెచ్చానన్నాడు.

"తెచ్చి నా ముందు టోపీ తీసి అబద్ధం ఆడావు," అన్నాడు ఎర్మీనియో.

ముప్పై ఏళ్ల తర్వాత నువ్వు అని పడింది. ఇద్దరికీ వినపడింది. సోస్తెనెస్ బెరడు ముక్కని దుంగ మీద మెల్లగా పెట్టాడు.

"టోపీ తీశాను. అబద్ధం ఆడలేదు. మీరు అడగలేదు కొంపాద్రె."

"అడిగాను."

"అడగలేదు."

"నేను అడక్కుండా కొనను. ఊరందరికీ తెలుసు."

"ఊరు అక్కడ లేదు. నేనున్నాను. టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాను. మీరు మొద్దు మీద చెయ్యి వేశారు. బెరడులో మట్టి చూశారు, వేలితో తీసి పంచెకి రాసుకున్నారు. ఆ తర్వాత, తొందరగా దించండి, దోమితీలా దిమ్మ కోసం కూర్చునుంది అన్నారు."

అబద్ధమని అనబోయి ఎర్మీనియో ఆగాడు. ఆయన కళ్లముందు సోస్తెనెస్ నుదురు మెదిలింది. టోపీ గీతకి కింద కాలిన అరటికాయ రంగు, పైన పాల తెలుపు. ఆ తెలుపు చర్చిలోనూ, కలప అమ్మేటప్పుడూ తప్ప ఎవరికీ కనపడదు. మొద్దు దించిన పూట ఆ తెలుపు మీద చెమట బొట్లు ఒకటి తర్వాత ఒకటి జారడం ఆయన చూశాడు. చాలాసేపు చూశాడు. అడిగి ఉంటే అంతసేపు కనపడదు. జవాబు చెప్పగానే ఎవరైనా టోపీ పెట్టేసుకుంటారు.

వాగులో నీళ్లు లేవు. ఎక్కడో పిట్ట ఒకటి కర్రని పొడుస్తోంది. ఎర్మీనియో దుంగ మీద, కొంచెం ఎడంగా కూర్చున్నాడు.

"మీకు తెలుసనుకున్నాను," అన్నాడు సోస్తెనెస్. "తెలిసే తీసుకున్నారు, అంత బాగా ఆరబెడతారు కాబోలు అనుకున్నాను. తర్వాత దోమితీలా సన్నటోపీ ఎత్తుకుందని విన్నాక నిద్ర పట్టలేదు. వచ్చి చెబుదామంటే మీరు పలకరిస్తే కదా. మీ మొహం చూస్తే బాడిసకే మాటలొస్తాయనిపిస్తుంది, మీకు రావు."

"అందుకని కోడి."

"కోడి పుట్టినరోజుకి. కోడిని కూడా అనుమానించారా?"

ఎర్మీనియో బెరడు ముక్కని తీసి మళ్లీ జేబులో వేసుకున్నాడు. సోస్తెనెస్‌కి నవ్వు రాబోయి రాలేదు.

"దిమ్మ నోరు తెరిచిందా?" అన్నాడు.

"తెరుస్తోంది."

"ఆమెకి చెప్పారా?"

ఎర్మీనియో లేచి పంచె దులుపుకున్నాడు. తప్పు నాది కూడా అని సోస్తెనెస్ అంటున్నాడు, కావాలంటే ఇద్దరం కలిసి వెళదామంటున్నాడు. ఎర్మీనియో వద్దన్నట్టు చెయ్యి ఊపి నడిచాడు. నాలుగడుగులు వేశాక, వెనక్కి తిరగకుండా, ఆదివారం కాఫీకి రమ్మన్నాడు.

ఇల్లు చేరాక వంటింటి దూలానికి వేలాడదీసిన గోనెసంచి దించాడు. అందులో సగం చెక్కిన దిమ్మ ఉంది. వరదకి ఏళ్ల ముందు మాంతా నుంచి ఒకాయన వచ్చి చెయ్యమని చెప్పిపోయి, మళ్లీ రాలేదు. ఇంట్లో ఉండబట్టి అదొక్కటే నీళ్లకి దొరకలేదు. ఏళ్ల తరబడి పొయ్యి పొగ పట్టి నల్లబడింది. గోరుతో కొడితే కంచులా పలికింది. దోమితీలా దిమ్మ కొలత కర్ర ముక్క మీద గీసి ఉంది. ఇది దానికన్నా లావు. బాడిసతో పై పై చెక్కు తీసి, ఉలితో ఒంపు తీర్చి, గాజుపెంకుతో గీకుతూ, పొద్దు గుంకేదాకా కొట్టంలోనే ఉండిపోయాడు. ప్రతి గీకుకీ దారం చుట్టి చూసుకున్నాడు. వెంట్రుకంత ఎక్కువైతే టోపీ ఎక్కదు. వెంట్రుకంత తక్కువైతే అల్లిక వదులై ముడతలు పడుతుంది.

ఎవుదోసియా పళ్లెం తెచ్చి పక్కన పెట్టి, ఎవరికని అడిగింది.

"దోమితీలాకి."

"ఆమెకి ఉంది కదా?"

"అది మంచిది కాదు."

ఎవుదోసియా పళ్లేన్ని ఆయనకి దగ్గరగా జరిపింది. ఆయన నోట తన దిమ్మ గురించి ఆ మాట పెళ్లయిన నాటి నుంచి వినలేదు. ఉప్పుకాగితం ముక్క అందించి లోపలికి పోయింది.

మర్నాడు ఇంకా చీకటి విడకముందే ఎర్మీనియో దిమ్మని చంకలో పెట్టుకుని దోమితీలా ఇంటికి వెళ్లాడు. ఆమె అప్పుడే నీళ్లగిన్నె పక్కన పెట్టుకుని అల్లడానికి కూర్చోబోతోంది. గుమ్మంలోనే నిలబడి చెప్పాడు. దిమ్మ విచ్చుతోందన్నాడు. వరద చెట్టు అన్నాడు. చంద్రుడి సంగతి తాను అడగలేదన్నాడు. అంతకన్నా పొడుగు మాట ఆయన ఆ ఏడు ఎవరితోనూ మాట్లాడి ఉండడు.

దోమితీలా ఎర్రగుడ్డ విప్పి దీపాన్ని కిందికి దించింది. కళ్లు సరిగా ఆనక, గోరుతో వెతికి పట్టుకుంది. చీమలు అక్కడ ఎందుకు గుంపు కడుతున్నాయో ఆమెకి అప్పుడు అర్థమైంది. నెర్రలో వాటి గుడ్లు తెల్లగా ఉన్నాయి.

"ఎప్పటి నుంచి తెలుసు?"

"పీట కాలు బాగుచేసిన రోజు నుంచి."

"ఇన్నాళ్లూ నా ఇంట్లో అరటికాయలు తిని వెళ్లారా?"

"ఒక్కసారే తిన్నాను."

ఆమె విప్పిన ఎర్రగుడ్డని పక్కన పడేసింది. కొత్త దిమ్మని తీసుకుని రెండు అరచేతుల మధ్య తిప్పి చూసింది. దగ్గరగా పెట్టుకుని వాసన చూసింది. చెంప ఆనించి చూసింది. తర్వాత టోపీ మీద నీళ్లు చిలకరించి, దాన్ని దిమ్మకి కట్టిన దారం విప్పి, వేలాడే పోచలన్నీ గుప్పిటలోకి తీసుకుంది.

"కూర్చోండి," అంది. "మోకాళ్ల మధ్య పట్టుకోండి. నేను చెప్పేదాకా కదలకండి. ఊపిరి కూడా మెల్లగా పీల్చండి."

ఎర్మీనియో నేల మీద కూర్చుని కొత్త దిమ్మని మోకాళ్ల మధ్య బిగించాడు. దోమితీలా పాత దిమ్మ మీంచి టోపీని వరస వెంబడి వరస, చంటిపిల్ల చొక్కా ఊడదీసినట్టు, పైకి జరుపుతోంది. కింది అంచున ఒక పోచ నెర్రలో చిక్కుకుంది. ఆమె ఆగింది. వేలు తడి చేసుకుని, గోటితో దాన్ని విడిపించింది. తెగిందో లేదో ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు. టోపీ గాలిలోకి లేచి, కొత్త దిమ్మ మీద వాలింది. సగం దాకా దిగి ఆగింది. ఆమె దాని నెత్తిన అరచెయ్యి పెట్టి మెల్లగా నొక్కింది. మళ్లీ నీళ్లు చిలకరించి మళ్లీ నొక్కేసరికి టోపీ దిమ్మని పట్టుకుని కూర్చుంది.

కొండ మీద వెలుతురు వచ్చింది. పొరుగింట్లో ఎవరో పొయ్యి రాజేశారు. ఎర్మీనియో కాళ్లు తిమ్మిరెక్కి, నడుము పట్టేసింది. దోమితీలా పోచ వెంబడి పోచ సర్దుకుంటూ, ఆయన అక్కడున్న సంగతే మరిచినట్టు, వంగి అల్లడం మొదలుపెట్టింది. ఆమె ఇక వదలమనేదాకా ఆయన దిమ్మని వదల్లేదు.